జంగిల్ అనగానేమి?

ఆ మధ్య వేసవి సెలవులకు మా మనవడు ఆదిలాబాదు వచ్చాడు. హైదరాబాదులో ఆరో తరగతి చదువుతున్నాడు. ఈ కాలపు బళ్లకు సెలవులివ్వడం తెలుసుగాని, పిల్లల్ని వదిలిపెట్టడం తెలియదు. హాలిడే హోంవర్కు అని సంచి నిండా పని కట్టి మరీ పంపిస్తారు. అందులో ఒక పేజీ చూపించాడు వాడు. ఏదైనా ఒక ఇంగ్లీషు మాట తీసుకొని, అది ఎక్కడ పుట్టిందో, దాని అర్థమేమిటో వ్రాయాలిట. అర్థం వ్రాయడానికి ఒకే ఒక్క గీత ఇచ్చారు.

వాడు "జంగిల్" అనే మాట ఎంచుకొన్నాడు. అదే ఎందుకురా అని అడిగాను.

"ఈజీ తాతా! జంగిల్ అంటే అడవి. రెండు నిమిషాల్ల అయిపోతది. తర్వాత క్రికెట్‌కు పోత" అన్నాడు.

రెండు నిమిషాలు కాదు, రెండు రోజులు పట్టింది. తప్పు వాడిది కాదు, నాది. బడిపంతులు ఉద్యోగం మానినా బుద్ధి మానదు గదా! "పుట్టుక వ్రాయమన్నారు, అర్థం ఒక్కటే వ్రాస్తే ఎట్లా?" అని నిఘంటువులు దించాను. దించిన తర్వాత తెలిసింది, నాకే ఆ మాట సరిగ్గా తెలియదని. అంతటితో పోలేదు. ఎప్పుడో యాభై ఏళ్ల కిందటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చి, ఆ రెండు రాత్రులూ నిద్ర పట్టలేదు. అది తర్వాత చెబుతాను. ముందు మాట సంగతి.

ఈ మాటను నేను చిన్నప్పటినుంచి ఇంగ్లీషు మాట అనుకొన్నాను. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకొన్న మా బాపు అది ఉర్దూ మాట అనేవాడు. ఇద్దరికీ తెలిసింది సగమే. దాని మూలం సంస్కృతంలోని "జాంగలం". కొందరు జంగమయ్యల జంగానికీ దీనికీ చుట్టరికం కలుపుతారుగాని అది వట్టిది. ఆ జంగమం అంటే కదిలేది. ఈ జాంగలం నేలకు పేరు.

ఎటువంటి నేలకు? ఇక్కడే నేను కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చదవవలసి వచ్చింది. జాంగలం అంటే దట్టమైన అడవి కాదు. పొడి నేల, నీరు తక్కువగా, చెట్లు పలచగా వుండి, గాలీ ఎండా బాగా ఆడే నేల. మన వైద్యగ్రంథాలు భూమిని మూడు రకాలుగా చెప్పాయి: జాంగలం, ఆనూపం, రెండూ కలిసిన సాధారణం. ఆనూపమంటే చిత్తడి నేల. పొదలూ తీగలూ అల్లుకొని, కాలు పెడితే దిగబడే చోటు. సినిమాల్లో మనం జంగిల్ అని చూసేది, చూసి భయపడేది ఈ ఆనూపాన్నే! జాంగల భూమిలో వుండే చెట్లను చరక సంహిత వరసగా చెప్పింది. వాటిలో చండ్ర వుంది, తునికి వుంది, రేగు వుంది, ఉసిరి వుంది. మా ఆదిలాబాదు పిల్లలకు నిఘంటువు అక్కర లేకుండా తెలిసిన చెట్లే.

మహాభారతంలో కురుజాంగలం అని ఒక దేశం వుంది. అది అడవిమృగాల దేశం కాదు, కౌరవుల దేశం. మనుస్మృతి ఏడో అధ్యాయంలో రాజు ఎటువంటి చోట కాపురముండాలో చెబుతూ, పంటలు బాగా పండే జాంగల దేశాన్ని చూసుకొమ్మని వుంది. చూశారా! ఒకప్పుడు జంగిల్ అంటే రాజు కోరి కాపురముండవలసిన మంచి నేల.

మరి ఈ మంచి నేల పులులు తిరిగే చీకటి కీకారణ్యం ఎట్లా అయింది? కాలం గడిచేకొద్దీ మన దేశభాషల్లో ఆ మాట దున్నని నేలకు పేరయింది. దున్నని నేలలో మొదట గడ్డి, తర్వాత పొద, ఆ తర్వాత చెట్టు పెరుగుతాయి గనుక మెల్లగా అడవికీ అదే పేరయింది. ఈ దారిలో అది నడుస్తుండగా ఇంగ్లీషువాళ్లు వచ్చి ఎత్తుకొన్నారు.

వాళ్ల పుస్తకాల్లో ఈ మాట మొట్టమొదట ఏ పులివేట కథలోనో కనిపించి వుంటుందనుకొన్నాను నేను. కాదు. కనిపించింది ఒక చట్టం పుస్తకంలో. వారన్ హేస్టింగ్స్ పదకొండుమంది పండితులను కూర్చోబెట్టి హిందూ ధర్మశాస్త్రాలనుంచి ఒక సంగ్రహం తయారు చేయించాడు. దాన్ని సంస్కృతంనుంచి పారశీకంలోకీ, పారశీకంనుంచి ఇంగ్లీషులోకీ మార్చారు. ఇంగ్లీషు చేసినవాడు నథానియల్ హాల్హెడ్. అది 1776లో అచ్చయింది. అయిదేళ్లు దున్నకుండా వదిలేసిన భూమిని జంగిల్ అంటారని అందులో వుంది. ఇంగ్లీషువాళ్లు వాడిన హిందూస్థానీ మాటలకు యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన "హాబ్సన్-జాబ్సన్" అనే నిఘంటువు 1886లో వచ్చింది. అది కూడా జంగిల్ మాట దగ్గర ఈ వాక్యాన్నే ఎత్తి చూపింది.

అంటే ఆ మాట సీమకు పులివెంట పోలేదు, శిస్తు లెక్కల వెంట పోయింది.

ఈ అయిదేళ్ల సంగతి ఇంట్లో చెబితే, "గంత దూరం ఎందుకు? ముందుగాల మన పెరట్ల గడ్డి పీకిపియ్యుండ్రి. అయిదు నెలలకే జంగల్ అయింది" అన్నది మా ఇంటావిడ. నిఘంటువుకు ఉదాహరణ దొరికింది.

సీమకు చేరిన తర్వాత ఆ మాట వేసిన వేషాలకు లెక్క లేదు. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ 1894లో "జంగిల్ బుక్" వ్రాసి, ప్రపంచంలోని పిల్లలందరికీ దాన్ని పంచిపెట్టాడు. అతని కథల్లో జంగిల్ చట్టం అని ఒకటి వస్తుంది. ఈ రోజుల్లో పత్రికలవాళ్లు ఆ మాట వాడితే, బలవంతుడిదే రాజ్యం, చట్టం చచ్చిపోయిందని అర్థం. మనం "ఆటవిక న్యాయం" అంటున్నది అదే. కాని కిప్లింగ్ కథలో అట్లా కాదు. అక్కడ తోడేలుకూ ఎలుగుబంటికీ కూడా కట్టుబాటు వుంది. పిల్లలకు దాన్ని వల్లె వేయిస్తారు. కథ చదివినవాళ్లకంటె చదవనివాళ్లే ఆ మాటను ఎక్కువ వాడుతున్నారన్నమాట.

ఆ తర్వాత 1906లో అప్టన్ సింక్లేర్ అనే అమెరికా రచయిత "జంగిల్" పేరుతో ఒక నవల వ్రాశాడు. అందులో ఒక్క చెట్టు లేదు. చికాగో నగరంలో మాంసం డబ్బాల్లో పెట్టే కర్మాగారాలు, వాటిలో నలిగే కూలీల బతుకులు వున్నాయి. అది చదివి జనం గగ్గోలు పెట్టగా, అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఆహారం మీదా మాంసం మీదా తనిఖీ చట్టాలు చేసింది. అక్కడే, ఇల్లూ వాకిలీ లేకుండా రైళ్లెక్కి తిరిగే కూలీలు పట్టాల పక్కన వేసుకొన్న మకాముకు కూడా జంగిల్ అనే పేరు. ఫ్రాన్సులో కలే రేవు దగ్గర, దేశాలు విడిచి వచ్చిన శరణార్థులు గుడారాలు వేసుకొన్న చోటునూ జంగిల్ అనే పిలిచారు. 2016లో దాన్ని పీకివేశారు. పెద్ద నగరాన్ని కాంక్రీటు జంగిల్ అంటున్నాం. పిల్లలు ఎక్కి వేలాడే ఇనుపగొట్టాల చట్రాన్ని జంగిల్ జిమ్ అంటున్నాం.

ఇన్ని అర్థాల్లోనూ ఒక పోలిక వుంది. తన ఇంటిని జంగిల్ అని పిలవాలని ఎవడికీ మొదట తోచదు. ఆ పేరు ఎప్పుడూ ఎదుటివాడి చోటుకే. అక్కడ పద్ధతి లేదు, మర్యాద లేదు, లెక్కలోకి వచ్చే మనిషి లేడు అని చెప్పడానికి అది మంచి సాధనం.

ఇంగ్లీషువాళ్లను ఒక్కళ్లనే అని లాభం లేదు. వాళ్ల ఫారెస్టు అనే మాటకు మూలం లాటిను. బయట వున్నది అని దాని అర్థం. మొదట్లో ఫారెస్టు అంటే చెట్లున్న చోటు కాదు, రాజుగారి వేటకోసం హద్దుపెట్టి, మామూలు చట్టానికి బయట వుంచిన చోటు. మన అరణ్యం కూడా అటువంటిదే. "అరణ" అంటే దూరపుది, పరాయిది. వాళ్ల సావేజ్ అనే తిట్టుకు మూలార్థం అడవిలో వుండేవాడని. మన జంగ్లీకీ అదే అర్థం, అదే ఉపయోగం. 1961లో "జంగ్లీ" అని షమ్మీకపూర్ హిందీ సినిమా వచ్చినప్పుడు, ఆ కేక ఊరూరా పిల్లల నోట మోగింది. అప్పుడు ఆ మాట మాకు ముద్దుగానే వుండేది. ముద్దుగా వున్న తిట్టే తొందరగా అలవాటవుతుంది.

తెలుగులో మనం ఏం తక్కువ తిన్నాం? ఎవరూ వినని ఏడుపు అరణ్యరోదనం. ఎవరికీ పనికిరాని అందం అడవిగాచిన వెన్నెల. అడవిలో వినే చెవి లేదని, వెన్నెల చూసే కన్ను లేదని ఊళ్లో కూర్చున్నవాళ్లం తీర్మానించుకొన్నాం.

ఇక మా జిల్లా సంగతికి వస్తాను.

నిజాం రాజ్యంలో అడవుల శాఖకు ఉర్దూలో జంగలాత్ అని పేరు. జంగల్‌కు బహువచనం అది. సంస్కృతంలో పుట్టి, పారశీకంలో పెరిగి, ఉర్దూ కాగితం మీద ఎక్కి ఆ మాట మా ఆదిలాబాదు గూడేలకు ఇట్లా తిరిగి వచ్చింది. జనం నోట్లో అది "జంగ్లాత్" అయింది. జంగ్లాతోళ్లు వచ్చిన్రంటే ఖాకీ బట్టలు వచ్చాయని అర్థం. అడవికి తెలుగు మాట వేరే వుంది గనుక, ఇక్కడివాళ్లకు జంగ్లాత్ అంటే చెట్లు కాదు. హద్దురాయి, రసీదు, జుల్మానా.

ఇక్కడి గోండులూ కొలాములూ తరతరాలుగా సాగు చేసిన పద్ధతిలో ఒక కిటుకు వుంది. గుట్టలమీది పలచని నేల ఏటేటా పండదు. కొన్నేళ్లు దున్ని, కొన్నేళ్లు పడావు పెట్టాలి. పడావు పెట్టిన నేలలో తుప్పలు లేస్తాయి, ఆకు రాలి మురుగుతుంది, భూమికి సత్తువ వస్తుంది. అప్పుడు మళ్లీ వచ్చి దున్నుకోవాలి. అడవులకు హద్దులు గీసిన రోజుల్లో, ఇట్లా పండుకొని వున్న చేలు చాలా రిజర్వు గీత లోపలికి పోయాయి. గీత గీసినవాడి కంటికి అది జంగిల్. దున్నినవాడికి విశ్రాంతి తీసుకొంటున్న చేను. పొరపాటల్లా ఒక మాట అర్థంలో వుంది. దాని వెల మాత్రం ఊళ్లకు ఊళ్లు.

1940లో జోడేఘాటు గుట్టలమీద కొమరం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలి అయ్యాడు. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తుకు వచ్చే నినాదంలో మూడు మాటలున్నాయి: జల్, జంగల్, జమీన్. నడిమి మాట మన మాటే. అయితే ఇక్కడ దానికి పాడుపడ్డ నేల అనే అర్థం లేదు. నీళ్లకూ భూమికీ నడుమ, నాది అని చెప్పుకొనే చోట నిలబడింది. ఆ తిరుగుబాటు తర్వాతనే నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి ఇక్కడికి పంపి, గోండుల కష్టాలేమిటో తెలుసుకొమ్మన్నది. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ ఇచ్చే బడి పెట్టారు. నేను ఈ జిల్లాకు పంతులుగా వచ్చేనాటికి ఆ బడి కథ పాతబడింది. చదివి వుంటే బాగుపడేవాణ్ణి. చదవలేదు.

1970ల మొదట్లో ఉట్నూరు వైపు ఒక పల్లె బడిలో నాకు ఉద్యోగం దొరికింది. సొంతూరు కరీంనగరు. వయసు ఇరవై మూడు. ఇంగ్లీషు చెప్పడం వచ్చని గర్వం. ఒకనాడు పాఠంలో ప్రశ్న వచ్చింది: జంగిల్‌కు రాజెవరు? సింహమని పిల్లలందరూ కోరస్‌గా అన్నారు. వెనక వరసలో ఒక గోండు కుర్రవాడు నోరు మెదపలేదు. లేపి అడిగాను.

"జంగల్ల సింహం ఉండది సార్" అన్నాడు.

"మరి ఎవరుంటారురా?"

"మేం ఉంటం."

తరగతి అంతా గొల్లుమన్నది. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. "కూర్చోరా జంగ్లీ!" అన్నాను. పలక తెమ్మని సున్న చుట్టాను. సినిమా పేరేగదా అన్నట్టుగా అన్నాను. అదే ఆ మాటలోని సుఖం.

మర్నాటినుంచి వాడు రాలేదు. ఇప్పపువ్వు రాలే రోజులు గనుక ఏరడానికి పోయి వుంటాడనుకొన్నాను. నాలుగో రోజు సాయంకాలం వాడి తండ్రి వచ్చాడు. కొట్టడానికో, అడగడానికో వచ్చాడని నా గుండె కొట్టుకొన్నది. ఆయన అందుకు రాలేదు. చేతిలో ఒక కాగితం వుంది.

"జంగ్లాతోళ్లు ఇచ్చిన్రు సార్. ఏమున్నదో సదివి చెప్పు."

చదివాను. ఫలానా నంబరు భూమి అడవి కిందికి వస్తుందనీ, అందులో నాగలి పెట్టరాదనీ దాని సారాంశం. ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం వైపే చూశాడు.

"మూడేండ్లు పడావు పెట్టిన సార్. భూమి అలసిపోతది గద, పండుకోబెట్టిన. పండుకున్నోన్ని సచ్చిపోయిండంటరా?"

నేనేం జవాబు చెప్పాను? కాగితంలో అట్లాగే వుందన్నాను. అర్జీ వ్రాసి ఇస్తానని అనవచ్చు. నా చేతిలో కలం వుంది, ఇంట్లో కాగితం వుంది. కొత్త ఉద్యోగం, మనకెందుకు అనుకొన్నాను. కొడుకును జంగ్లీ అన్న నోటితోనే తండ్రి చేనును అడవి అని చదివి పంపించాను. ఆయన దండం పెట్టి మరీ వెళ్లాడు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. ఆ చేను ఏమైందో, ఆ కుర్రవాడు మళ్లీ బడికి వచ్చాడో లేదో కనుక్కోలేదు.

ఆ తర్వాత లోకం కొంత మారింది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో, ఫారెస్టు అనే మాటకు నిఘంటువులో వున్న అర్థమే తీసుకోవాలి, భూమి ఎవరిదైనా సరే అన్నది. అడవులను కాపాడటానికి అన్న మాట అది. చాలా చెట్లను నిలబెట్టింది కూడా. కాని నిఘంటువు అంత బరువైన పుస్తకమని నాకు అప్పుడే తెలిసింది. పదేళ్లకు, 2006లో, అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందునుంచి అడవి భూమిని సాగు చేసుకొంటున్న గిరిజనులకు దానిమీద హక్కు వుంటుందన్నది. అడవివాసులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టం తన నోటితోనే ఒప్పుకొన్నది. పత్రికలో ఆ వార్త చదివిననాడు నాకు ఆ కాగితం పట్టుకొన్న చెయ్యి కనిపించింది. 2016లో మా పాత జిల్లా నాలుగు ముక్కలైనప్పుడు, ఒక ముక్కకు కొమరం భీం పేరు పెట్టారు. పేర్లు పెట్టడం మంచిదే. పేరు పెట్టి పిలిచిన చోట మనుషులు లేరని అనడం కష్టం.

ఇదంతా మనవడికి చెప్పాను. కొంత కథగా, కొంత పాఠంగా. క్రికెట్ బ్యాటు ఒళ్లో పెట్టుకొని విన్నాడు. ఒకటి రెండుచోట్ల నా గొంతు సరిగా రాలేదు. వాడు చూడనట్టు వూరుకొన్నాడు. చివరికి పుస్తకం తెరిచి, ఆ ఒక్క గీత చూపించాడు.

"గిన్ని మీనింగులు ఇండ్ల ఎట్ల పడతయి తాతా?"

"పట్టినంత వ్రాయి" అన్నాను.

సింహం సంగతి కూడా వాడికి చెప్పాను. ఈ దేశంలో సింహాలు ఇప్పుడు అడవుల్లో వున్నది గుజరాతులోనే, ముఖ్యంగా గిర్ ప్రాంతంలో. అది దట్టమైన కీకారణ్యం కాదు. పొడి నేల, పలచని చెట్లు. సంస్కృతంవాళ్ల జాంగలం లెక్కన చూస్తే పాఠంలోని జవాబు ఒప్పే. కాని మా ఆదిలాబాదు జంగల్లో సింహం లేదు, పులి వుంది, మనిషి వున్నాడు. ఆ లెక్కన కుర్రవాడి జవాబు కూడా ఒప్పే.

వాడు పెన్సిలు పట్టుకొని కాసేపు ఆలోచించాడు. ఏం వ్రాస్తాడో అని చూస్తున్నాను. వ్రాయలేదు. తల ఎత్తి నన్ను అడిగాడు:

"మరి ఆ అన్నకు ఆ సున్న కొట్టేసి మార్కులు ఏసినవా తాతా?"